సరిహద్దులు ఉండొద్దన్న ఆమెతో

కరీంనగర్‌లో నేను ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే చిన్న ట్యూషన్ నడుపుతాను. అంతకుముందు కొన్నేళ్లు మస్కట్‌లో ఒక బిల్డింగుల కంపెనీలో స్టోర్ కీపర్‌గా పనిచేశాను. తెలుగు, హిందీ, ఇంగ్లీషు వచ్చు, పని జరిగేంత అరబ్బీ వచ్చు. అందుకని ఎవరికైనా మాటలు తర్జుమా చేసే మనిషి కావాల్సి వస్తే తెలిసినవాళ్లు మా ఇంటి దారి చూపిస్తారు. అట్లా ఒక ఏడు, పత్తి ఏరుతున్న రోజుల్లో, యూరప్ నుంచి వచ్చిన ఒకామె మా గుమ్మంలో నిలబడింది.

ముప్పై అయిదేళ్లు ఉండొచ్చు. ఎండకు ముక్కు ఎర్రగా కందింది. తమ దేశంలో యూనివర్సిటీలో పాఠాలు చెప్తానంది. మన ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల గురించీ, బయటి రాష్ట్రాల నుంచి మన దగ్గరికి పనికి వచ్చేవాళ్ల గురించీ పుస్తకం రాస్తున్నానంది. హుస్నాబాద్ వైపు ఊళ్లు, మా మరమగ్గాల ఊరు, ఆదిలాబాద్‌లో బోథ్ వైపు పల్లెలు తిరగాలి. నేను వెంట ఉండి మాటలు అటూ ఇటూ అందించాలి.

ఆమె పోయాక మా ఆవిడ చాయ్ కప్పులు తీస్తూ, "ఏం లాభం లేకుంట గంత దూరం నుంచి ఎవరన్న వస్తరా? జర మంచిగ అడిగి తెలుసుకో," అంది.

నాకూ అదే అనుమానం. తియ్యగా మాట్లాడేవాళ్ల మీద నాకు నమ్మకం పోయి చాలా కాలమైంది. నన్ను మస్కట్ పంపించిన ఏజెంటు కూడా నవ్వుకుంటూ మా ఇంట్లోకి వచ్చి, మా అవ్వ చేతి అన్నం తిని, నా పాస్‌పోర్టు పట్టుకుపోయినవాడే. అయినా ఒప్పుకున్నాను. ఆ మనిషి ఏం వెతుకుతున్నదో దగ్గరుండి చూడాలనిపించింది.

కారు నా స్నేహితుడిది. కరీంనగర్‌లోనే పుట్టి పెరిగిన ముస్లిం ఇంటివాడు. రియాద్‌లో లారీ నడిపి, అక్కడి యజమానితో గొడవపడి, జైలు చూసి తిరిగొచ్చినవాడు. ఇప్పుడు సొంత కారు కిరాయికి తిప్పుతాడు. ఆమె ఎందుకొచ్చిందో చెప్తే, "రానీ భాయ్. ఏం ఫికర్ లేదు. వినెటోళ్లు దొరుకుడే కష్టం," అన్నాడు.

మొదటి రోజు హుస్నాబాద్ పోయే దారిలోనే వాదన మొదలైంది. దేశాల మధ్య గేట్లు ఉండకూడదని ఆమె నమ్మకం. అదే చేతులు, అదే పని. ఇక్కడ ఇటుక మోస్తే ఒక కూలి, అక్కడ మోస్తే దానికి ఎన్నో రెట్లు. మనిషి మారలేదు, గీత దాటాడు, అంతే. ఎవరు ఏ గీతకు ఇవతల పుడతారో వాళ్ల చేతిలో లేదు కదా, దానికి జీవితమంతా శిక్ష ఎందుకు, అంది.

"సరుకు దాటుతున్నది, డబ్బు దాటుతున్నది. మనిషి ఒక్కడికే అడ్డు. ఇది మీకు అన్యాయంగా అనిపించదా?" అని అడిగింది.

"అనిపిస్తుంది," అన్నాను. "కాని గేటు తెరిచేవాడు ఎవడో నాకు తెలియాలి. పేదవాడి కోసం ఎవడూ గేటు తెరవడు. చౌక కూలీ కావాల్సినవాడే తెరుస్తాడు. పని అయిపోగానే మూస్తాడు."

"మూసే వీలు వాడికి ఉన్నది కాబట్టే కదా కూలి చౌక అవుతున్నది," అందామె.

ఆమె మాట తప్పు కాదు. కాని అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు. డ్రైవర్ మిత్రుడు నన్ను తెలుగులో అడిగాడు, "ఏమంటున్నది భాయ్?" చెప్పాను. అతను స్టీరింగ్ మీద చెయ్యి తట్టి, "నిజమే చెప్తున్నది గద. నీకేం నొప్పి?" అన్నాడు.

హుస్నాబాద్ దాటాక ఒక ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర ఆగాం. ఆమె గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లతో మాట్లాడాలంది. హోటలాయన పక్కనున్న ఒకరిద్దరిని పిలిచాడు. కాసేపటికే జనం మూగారు. విదేశం నుంచి ఒకామె మనుషులను పనికి తీసుకుపోవడానికి వచ్చిందని ఎవరో అన్నారట. ఒక్కొక్కరు ఇంటికి పోయి ప్లాస్టిక్ కవర్లలో పాస్‌పోర్టులు పట్టుకుని వస్తున్నారు.

అందరికీ వినబడేట్టు, "గీమె పనికి తీస్కపోనీకె రాలేదు. పుస్తకం రాయనీకె వచ్చింది," అన్నాను.

ముందు నిలబడ్డ పెద్ద మీసాల మనిషి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గామె ఏం చెప్తుందో నువ్వు సరిగ్గనే చెప్తున్నవా? లేకపోతే నీ మనుషుల కోసం దాసిపెట్టుకుంటున్నవా?"

"నాకేం మనుషులున్నరే? నేను ట్యూషన్ చెప్పుకునేటోన్ని."

"ట్యూషన్ చెప్పుకునేటోడు కారేసుకొని ఊర్లపొంటి ఎందుకు తిరుగుతుండు మరి?"

ఏమంటున్నారని ఆమె అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ముందు నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. లేచి నిలబడి, తను ఎవరినీ తీసుకుపోలేనని, తనకు ఆ అధికారం లేదని నెమ్మదిగా చెప్పింది. నేను తర్జుమా చేశాను. మీసాల మనిషి అంతా విని, "సరే గని, గాడ గొర్లు కాసే పని దొరుకుతదా? గదొక్కటి అడుగు," అన్నాడు. అడిగాను. తనకు తెలియదంది. అతను పాస్‌పోర్టు కవర్లో పెట్టుకుని, నా వంక చూస్తూనే వెళ్లిపోయాడు. ఆ చూపులో, జవాబును నేను మధ్యలోనే మింగేశానన్న అనుమానం చివరిదాకా పోలేదు.

తర్వాత మా ఊరికి తీసుకుపోయాను. కరీంనగర్‌కు పడమర, మరమగ్గాల ఊరు. మా బాపు నడిపిన సాంచెల మీదే మా అన్న ఇప్పటికీ బట్ట నేస్తున్నాడు. మా దగ్గర మరమగ్గాలను సాంచెలనే అంటారు. అవి సేటు కార్ఖానాలో ఉంటాయి. ఆ చప్పుడులో మాట్లాడాలంటే చెవి దగ్గరకు పోవాలి. అన్న బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దూది నూగు అతని కనుబొమ్మల మీద కూడా ఉంది.

"గేట్లన్ని తెరుమంటున్నదట గదా తమ్మీ? అయితే నా మాట గూడ చెప్పు. కిందటేడు కూలి పెంచుమని మేమంత పని బంద్ పెట్టినం. సేటు కోపం చెయ్యలే, నవ్విండు. కొన్ని దినాలకే బిహార్ నుంచి రైలెక్కి గీ పిలగాండ్లు వచ్చిండ్రు. మేం నోర్మూసుకొని మల్ల సాంచెల మీదికొచ్చినం. గేటు తెరిచింది ఎవరు? సేటు. గాళ్ల మీద పాయిరం, ప్రేమ ఉండి తెరిచిండా?"

ఆమె అడిగింది, "వాళ్లు కూడా ఆకలితోనే వచ్చారు కదా?"

"ఆకలి లేదంటున్ననా? గాళ్ల ఆకలి చూపెట్టి నా నోరు మూసిండంటున్న."

అప్పుడు ఆమె ఆ బిహార్ పిల్లల్లో ఒకతన్ని బయటికి పిలవమని నాతో అంది. వచ్చాడు. ఇరవై అయిదేళ్లుంటాయేమో. హిందీలో మాట్లాడాం. ఇంటి దగ్గర పని లేదు. ఇక్కడ పని ఉంది, పడుకునేది కూడా కార్ఖానాలోనే. పక్క కార్ఖానాలో ఇంకాస్త మంచి పని దొరికేట్టుంది, పోదామంటే తీసుకొచ్చిన ముఠా మేస్త్రీ ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే ఏం చేస్తాడని ఆమె అడిగితే, అతను మా అన్న వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"చూశారా," అని నా వైపు తిరిగిందామె. "ఇతనికి లోపలికి వచ్చే గేటే తెరిచారు. బయటికి పోయే గేటు మూసే ఉంది. నేను అడిగేది ఇది కాదు. ఇతను ఎక్కడికైనా పోగలిగితే మీ అన్నకు ఇతనివల్ల భయం ఉండదు."

మస్కట్‌లో నా పాస్‌పోర్టు మేనేజర్ బీరువాలో ఉన్న రోజులు గుర్తొచ్చాయి. ఆమె చెప్పింది నాకు కొత్త సంగతేమీ కాదు, నేను బతికిన సంగతే. కాని ఆ మాట నోట్‌బుక్కులో రాసుకుంటున్నప్పుడు ఆమె ముఖంలో ఒక తృప్తి కనిపించింది. తను ముందే అనుకుని వచ్చిన మాటకు మా అన్న, ఆ పిల్లాడు సాక్ష్యం పలికినట్టు. నా అనుమానం మళ్లీ తలెత్తింది.

ఆమె మా అన్నను ఆఖరుగా ఒకటి అడిగింది. మీరూ, ఆ పిల్లాడూ కలిసి సేటు దగ్గరకు ఎప్పుడైనా పోయారా అని.

అన్న తల అడ్డంగా ఊపి, "గా పిలగాని భాష నాకు రాదు. నా భాష వానికి రాదు. పక్కపక్కనే సాంచెలు నడుపుతం గని ఇప్పటిదాక మాట్లాడలే," అన్నాడు. తర్వాత నాతో, "అన్ని అడుగుతున్నది గని గీమె సంగతి ఏం చెప్తలేదేంది?" అన్నాడు.

ఆమె సంగతి బోథ్ వైపు పోయినప్పుడు తెలిసింది.

అక్కడ పత్తి ఏరడానికి పెన్‌గంగ నది అవతలి నుంచి మహారాష్ట్ర కూలీలు కుటుంబాలతో వస్తారు. చేన్ల పక్కన గుడారాలు వేసుకుంటారు. ఒక పల్లెలో ఆమె వాళ్లతో మాట్లాడుతూ ఫోటోలు తీస్తుంటే చేను ఆసామి వచ్చాడు. మరాఠీ కలిసిన తెలుగు అతనిది. ఏం రాస్తున్నారు, భూముల సర్వేనా, కూలి రేట్ల మీద కేసు పెట్టడానికా అని అడిగాడు. కాదంటే నమ్మలేదు. ఊళ్లో ఇంకో నలుగురు చేరారు. వాళ్లలో ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు.

స్టేషన్‌లో ఎస్‌ఐ మర్యాదగానే మాట్లాడాడు. కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు. ఆమె పాస్‌పోర్టు తీసుకుని వీసా కాగితం చూసి, దాన్ని నా వైపు తిప్పాడు.

"గిది మీరు చూసిండ్రా?"

చూడలేదు. అది టూరిస్టు వీసా.

"గిది దేశం చూడనీకె వచ్చెటోళ్లకిచ్చే వీసా. ఈమె చేస్తున్నది చూసుడు కాదు గదా. ఏమంటదో అడుగండి."

అడిగాను. అసలు వీసాకు నెలలు పడుతుందని, ఇట్లా చాలామంది వస్తారని, ఎవరికీ నష్టం లేదని ఆమె చెప్పింది. మాటమాటా తర్జుమా చేశాను.

ఎస్‌ఐ ఆమెను ఏమీ అనలేదు. నన్నే అడిగాడు. "మీరు గామె దేశం పోయి, ఒక వీసా తీసుకొని ఇంకో పని చేసుకుంట ఊర్లు తిరిగితే ఏమైతది?"

"తెల్వదు సార్," అన్నాను. తెలుసు. నా పక్కన కూర్చున్న డ్రైవర్ మిత్రుడికి ఇంకా బాగా తెలుసు.

పుస్తకం పని ఆపి హైదరాబాద్ పోవాలని, మళ్లీ రావాలంటే సరైన వీసాతో రావాలని చెప్పి పంపించాడు. నా చిరునామా, ఫోన్ నంబర్ రాసుకున్నాడు. పోలీసు జీపు కొంతదూరం మా వెనకే వచ్చింది.

జీపు వెనక్కి మళ్లాక నేనే అన్నాను, "మీరు నాకు ముందే చెప్పాల్సింది."

"చెప్తే వచ్చేవారా?"

"వచ్చేవాణ్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

కోపం వచ్చింది. మస్కట్‌లో దిగాక పని చెప్పినట్టు లేదని ఏజెంటుకు ఫోన్ చేస్తే వాడూ ఇదే అన్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. మీకు గేటు ఒక లాంఛనం, మాకు అది బతుకు, మీరు దాన్ని పట్టించుకోకపోతే పోలీసులు రాసుకునేది నా ఫోన్ నంబర్, అన్నాను. ఆమె అడ్డు చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నిర్మల్ దగ్గర పడుతుంటే, "ఎక్కడికి పోయినా, ఎందుకొచ్చావని నన్ను ఎవరూ గట్టిగా అడగలేదు. ఇవాళ అడిగితే భయమేసింది," అంది. తర్వాత క్షమించమంది. నేను సరే అనలేదు.

డ్రైవర్ మిత్రుడు నన్ను అడిగాడు, "ఏడుస్తున్నదా?"

"లేదు."

"నీళ్ల సీసా ఇయ్యి మరి," అన్నాడు. ఇచ్చాను.

ఆమె పోయాక కొన్ని వారాలు మా ఇంటి ముందు మోటారు సైకిల్ ఆగితే చాలు, నేను కిటికీలోంచి చూసేవాణ్ని. ఒకసారి నిజంగానే కానిస్టేబుల్ వచ్చాడు. రెండు మాటలు అడిగి, మంచినీళ్లు తాగి పోయాడు. అది చాలు మా గల్లీకి. ఎదురింటాయన నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం మొదలుపెట్టాడు. ఇద్దరు ఆడపిల్లలు ట్యూషన్ మానేశారు. "నేను ఆ దినమే చెప్పిన," అని మా ఆవిడ ఒక్కసారే అంది. మళ్లీ అనలేదు, అది ఆమె మంచితనం.

మరుసటి ఏడు ఆమె దగ్గరి నుంచి ఈమెయిల్ వచ్చింది. వాళ్ల యూనివర్సిటీలో ఒక చర్చ పెడుతున్నారు. దేశాల గేట్లు అందరికీ తెరవాలా వద్దా అనేది విషయం. తెరవాలని ఆమె మాట్లాడుతుంది. వద్దని మాట్లాడేవాళ్లలో ఒకడిగా నన్ను రమ్మంది. రాకపోకల ఖర్చు వాళ్లదే. నాకు తోచింది చెప్పొచ్చు, ఆమెను కూడా తప్పు పట్టొచ్చు.

రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. నన్నే ఎందుకు పిలుస్తున్నట్టు? చేసిన తప్పు కడుక్కోవడానికా? లేక పేదదేశం మనిషే గేట్లు మూయమన్నాడని చూపించి నవ్వించడానికా? అన్నకు ఫోన్ చేస్తే, "పోరా. ఎందుకు పిలిస్తేంది? నా మాట గూడ జర చెప్పు," అన్నాడు.

హైదరాబాద్ పోయి వీసాకు దరఖాస్తు పెట్టాను. అద్దం వెనక కూర్చున్న అధికారి చాలా ప్రశ్నలు అడిగాడు. ఆఖరికి, పోయినవాడివి తిరిగి వస్తావని నమ్మకమేమిటన్నాడు.

"గేట్లు తెరవొద్దని చెప్పడానికే పోతున్నానండీ," అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. నవ్వలేదు. తర్వాత వచ్చిన కాగితంలో, తిరిగి వెళ్తాడన్న నమ్మకం కలగనందున నిరాకరిస్తున్నామని ఉంది. ఆ వాక్యం చదివి నేను కోపం తెచ్చుకోలేదు. సిగ్గుపడ్డాను. ఏ తప్పూ చేయకపోయినా, మా ఆవిడకు ఆ కాగితం చూపించడానికి సాయంత్రం దాకా ఆగాను. ఆమె చదివించుకుని, "గాడ ఉండాలని నువ్వు అన్నవా?" అంది. లేదన్నాను. "మరి గాళ్లకెట్ల తెలిసింది?" అంది.

చివరికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మా ఇంట్లోంచే మాట్లాడాను. నా వెనక కెమెరాకు కనబడకుండా మా ఆవిడ, డ్రైవర్ మిత్రుడు కూర్చున్నారు. తెర మీద పెద్ద హాలు, వరసగా జనం. వీసా రానందుకు ఇక్కడినుంచి మాట్లాడుతున్నానంటే వాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. మా అన్న మాట చెప్పాను. బిహార్ పిల్లాడి సంగతీ చెప్పాను. మస్కట్‌లో బీరువాలో ఉన్న నా పాస్‌పోర్టు సంగతి కూడా చెప్పాను, అది నా వాదానికి అడ్డమని తెలిసినా.

వెనక వరసలో ఒక ముసలాయన లేచి అడిగాడు. మిమ్మల్ని రానివ్వలేదు కదా, ఇప్పుడు మీ అభిప్రాయం మారిందా అని.

"కొంత మారింది," అన్నాను. "గేటు తెరిచేవాడి మీద నాకు అనుమానం అట్లాగే ఉంది. మూసేవాడి మీద ఇప్పుడు కొత్తగా వచ్చింది. సేటు తెరిచినప్పుడు మా అన్నను అడగలేదు. మీవాళ్లు మూసినప్పుడు నన్ను అడిగారు, కాని జవాబు వినలేదు."

తర్వాత ఆమె వంతు. తన సొంత వీసా సంగతి చెప్తుందా లేదా అని నేను కాచుకుని ఉన్నాను. చెప్పదనే అనుకున్నాను. చెప్పింది. తప్పు వీసాతో వచ్చానని, వెంట ఉన్న మనిషికి చెప్పకుండా దాచానని, తనకు చాయ్ ఇచ్చి పంపించారని, ఆ చిక్కు అంతా అతని మీద పడిందని నాలుగు ముక్కల్లో చెప్పింది. నా లోపల ఏదో కొంచెం సడలింది. అంతలో హాలంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు నచ్చలేదు.

మాటలు అర్థం కాకపోయినా చప్పట్లు విని డ్రైవర్ మిత్రుడు ఏమైందని అడిగాడు. చెప్పాను.

"చూసినవా భాయ్. తప్పు ఒప్పుకున్నా గాళ్లకు చప్పట్లు కొడ్తుండ్రు. రియాద్‌ల నేను ఒప్పుకుంటే లోపలేసిండ్రు," అన్నాడు.

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆమె ఆ గొంతు విని, ఏమన్నాడని నన్ను అందరి ముందే అడిగింది. తర్జుమా చేశాను. ఈసారి హాలులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మొన్న ఎండాకాలంలో పుస్తకంలో మా ఊరి గురించి రాసిన భాగం నాకు పంపించింది, తప్పులుంటే చెప్పమని. మా అన్న మాటలు బాగానే వచ్చాయి. కాని ఆ బిహార్ పిల్లాడి కార్ఖానా ఏ వీధిలో ఉందో, పక్కన ఏముందో కూడా రాసింది. తెలిసినవాళ్లెవరైనా ఇట్టే పోల్చుకుంటారు. ఆ పిల్లాడు ఇంకా అక్కడే, ఆ మేస్త్రీ కిందే పనిచేస్తున్నాడు. ఆ వివరాలు తీసెయ్యమని రాశాను. వెంటనే తీసేశానని జవాబు వచ్చింది. కొత్త కాపీ కూడా పంపమని అడిగి తెప్పించుకున్నాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా కూర్చుని చదివాను. నిజంగానే తీసేసింది.